మిల్వాకీ రాత్రి పనివాడు

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు మిల్వాకీ నగరంలో అలెన్ బ్రాడ్లీ కంపెనీ గడియార స్తంభం ఉంది. నాలుగు ముఖాల గడియారం. 2010లో మక్కాలో అంతకు మించినది వెలిసేదాకా ప్రపంచంలో ఆ తరహా గడియారాల్లో అదే పెద్దది. 1962 అక్టోబరు ఆఖరి రోజున దాన్ని ప్రారంభించారు. మరో మూడు రోజులకు, నవంబరు 3న, అదే ఊళ్లో ఫిల్ కాట్జ్ పుట్టాడు. పెద్దయ్యాక ఆ గడియారం కట్టించిన కంపెనీలోనే అతనికి ఉద్యోగం దొరికింది. పగలు ఆ కంపెనీ పని చేశాడు, రాత్రి తన పని చేసుకున్నాడు. ఆ రాత్రి పని ప్రపంచమంతా పాకింది. అతను మాత్రం ముప్పై ఏడేళ్లకే, పుట్టిన ఊళ్లోనే, ఒక మోటెల్ గదిలో ఒంటరిగా పోయాడు.

ఈ గాథను ఇప్పుడు చెప్పుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. కూకట్‌పల్లిలో, మధురవాడలో, డాలస్ శివార్లలో ఇవాళ ఎంతోమంది పగలు ఉద్యోగం చేసి రాత్రి మరో చిన్న వ్యాపారం నడుపుకుంటున్నారు. అమ్మ పెట్టే పచ్చళ్లకు వెబ్‌సైటు కట్టేవాళ్లు, ట్యూషన్ సెంటర్లకు ఫీజుల లెక్క చూసే యాప్ రాసిచ్చేవాళ్లు, పెళ్లి ఫొటోలు సరిదిద్దే టూల్ తయారుచేసి నెలకింత అని అమ్మేవాళ్లు. ఏఐ చేతికందాక నలుగురి పని ఒక్కరే చేయగలుగుతున్నారు. ఆ ఒక్కరు అన్న దగ్గరే నా బెంగ. మిగతా ముగ్గురూ ఉంటే పని ఆలస్యమయ్యేదేమో గానీ, రాత్రి రెండింటికి ఇక చాలు పడుకో అనే గొంతు ఒకటి పక్కన ఉండేది. ఫిల్ కాట్జ్ జీవితంలో అలాంటి గొంతులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

మొదటి గొంతు తండ్రిది. వాల్టర్ కాట్జ్ వారాంతాల్లో కొడుకుతో చదరంగం ఆడేవాడు. రాత్రుళ్లు ఇద్దరూ కూర్చుని ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్లకు కోడ్ రాసేవారు. ఆ తరం కాలిక్యులేటర్ల మెమరీ ఎంత తక్కువంటే, 1974లో వచ్చిన హెచ్‌పీ-65లో వంద మెట్ల ప్రోగ్రాము మాత్రమే పట్టేది. నూటొకటో మెట్టు కావాలంటే ముందు రాసిన దాంట్లోంచి ఒకటి పీకేయాలి. ఉన్న చోటులో ఎక్కువ ఇరికించడమనే విద్య అతనికి ఏ కాలేజీలోనూ అబ్బలేదనీ, తండ్రి పక్కన ఆ రాత్రుళ్లే అబ్బిందనీ నేను నమ్ముతాను. అతను డిగ్రీ చదువుతుండగా, 1981లో, తండ్రి పోయాడు. 1984లో యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్ మిల్వాకీ నుంచి కంప్యూటర్ సైన్స్ పట్టా అందుకునే రోజున ఆయన లేడు.

ఆ తర్వాత అలెన్ బ్రాడ్లీ కొలువు. మన పాలిటెక్నిక్‌లలో పీఎల్‌సీ నేర్చుకునే పిల్లలకు ఆ పేరు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంట్రోలర్లకు కాట్జ్ కోడ్ రాసేవాడు. 1986లో దాన్ని వదిలి అదే ఊళ్లోని మరో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. అప్పటికే అతని రాత్రుళ్లు ఇంకోచోట గడుస్తున్నాయి.

ఇంటర్నెట్ ఇళ్లకు రాని కాలం అది. కంప్యూటర్ పిచ్చి ఉన్నవాళ్లు ఫోను తీగకు మోడెం తగిలించి, బులెటిన్ బోర్డులనే చోట్లకు డయల్ చేసేవారు. ఎవరో ఒకరు తమ ఇంటి గదిలో ఒక కంప్యూటర్‌ను రాత్రింబవళ్లు నడిపి, వచ్చినవాళ్లకు ఫైళ్లు, కబుర్లు ఇచ్చిపుచ్చుకునే వీలు కల్పించేవారు. సెకనుకు 2,400 బిట్ల మోడెం మీద 360 కిలోబైట్ల ఫ్లాపీ ఒకటి దించుకోవాలంటే పాతిక నిమిషాల దాకా పడుతుంది. ఊరు దాటిన కాల్ అయితే నిమిషానికింత బిల్లు. ఫైలును సగానికి కుదిస్తే బిల్లు సగమవుతుంది. కాబట్టి కుదింపు అనేది ఆ జనానికి డబ్బుకు సంబంధించిన విషయం, నెలాఖరున ఇంట్లో మాట పడాల్సిన విషయం.

ఆ అవసరాన్ని ముందుగా తీర్చింది కాట్జ్ కాదు. న్యూజెర్సీలోని వేన్ అనే ఊళ్లో థామ్ హెండర్సన్ అనే ప్రోగ్రామరు, ఇంటివాళ్లతో కలిసి సిస్టమ్ ఎన్‌హాన్స్‌మెంట్ అసోసియేట్స్ అనే చిన్న సంస్థ నడిపేవాడు. 1985లో ఆయన ఆర్క్ అనే ప్రోగ్రాము తెచ్చాడు. పది ఫైళ్లను ఒక్కటిగా మూటగట్టి, కుదించి ఇస్తుంది. దాని సోర్స్ కోడ్‌ను కూడా ఆయన అందరికీ కనబడేలా పంచాడు. బులెటిన్ బోర్డులన్నీ ఆర్క్ మయమయ్యాయి.

కాట్జ్ దాన్ని చూశాడు. పని చేస్తోంది, కానీ నెమ్మది. యంత్రానికి దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలో ముఖ్యమైన భాగాలను తిరగరాశాడు. ముందు విప్పే ప్రోగ్రాము పీకేఎక్స్‌ఆర్క్, తర్వాత కట్టేది పీకేఆర్క్. అవి ఆర్క్ కన్నా ఎంతో వేగంగా పరిగెత్తాయి. వాడి చూడండి, నచ్చితే డబ్బు పంపండి అనే షేర్‌వేర్ పద్ధతిలో వాటిని వదిలాడు. డబ్బు పంపరని అందరూ అనుకునే పద్ధతి అది. పంపారు. 1986లో పీకేవేర్ పుట్టింది. తల్లి హిల్డెగార్డ్ అందులో భాగస్వామి. వాళ్ల వంటింటి బల్లే ఆఫీసు. కాట్జ్ జీవితంలో రెండో గొంతు ఆమెది. భర్త పోయిన ఇంట్లో ఆ తల్లీ కొడుకులు ఒక బల్ల దగ్గర కూర్చుని, ముఖం తెలియని మనుషులు పంపిన చెక్కులు విప్పుకున్న ఆ కొద్ది కాలాన్ని తలచుకుంటే నాకు మనసు కరుగుతుంది. చిన్న వ్యాపారానికి అంతకు మించిన మంచి రోజులు ఉండవు. కొద్ది కాలానికే కాట్జ్ ఉద్యోగం మానేశాడు. రాత్రి పని పగటి పనైపోయింది.

ఇక్కడ మనం ఆగి, కష్టమైనా ఒక నిజం చెప్పుకోవాలి. పీకేఆర్క్ పూర్తిగా కాట్జ్ సొంతం కాదు. 1988లో హెండర్సన్ సంస్థ విస్కాన్సిన్ ఫెడరల్ కోర్టులో కాపీరైటు, ట్రేడ్‌మార్కు దావా వేసింది. రెండు ప్రోగ్రాముల కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూసిన నిపుణుడు, చాలాచోట్ల నకలు ఉందని తేల్చాడు. హెండర్సన్ రాసుకున్న వ్యాఖ్యలు, వాటిలో ఆయన చేసిన అక్షర దోషాలు కూడా యథాతథంగా దిగాయి. తప్పు స్పష్టం. ఆ ఏడాది ఆగస్టులో రాజీ కుదిరింది. పాత రాయల్టీల కింద, ఖర్చుల కింద కలిపి 62,500 డాలర్లు కాట్జ్ చెల్లించాలి. ఆర్క్‌తో సరిపోయే ప్రోగ్రాములు కొద్ది నెలల్లో అమ్మడం మానేయాలి.

చట్టం లెక్క అక్కడికి తేలింది. జనం తీర్పు మాత్రం తలకిందులైంది. బులెటిన్ బోర్డుల మీద కాట్జ్ ఒంటరి పోరాట యోధుడయ్యాడు, హెండర్సన్ చిన్నవాణ్ణి తొక్కే కార్పొరేట్ రాక్షసుడయ్యాడు. హెండర్సన్‌దీ వంటిల్లు దాటని వ్యాపారమేనన్న సంగతి ఎవరూ కనుక్కోలేదు. కనుక్కోవాలని అనుకోలేదు. బోర్డులు నడిపేవాళ్లు పంతం పట్టి ఆర్క్‌ను వెలివేశారు. ఆయనకు తిట్ల ఉత్తరాలు వచ్చాయి. తన కోడ్‌ను అందరికీ చూపించిన మనిషి, చూపించినందుకే దెబ్బతిని, అడిగినందుకు చెడ్డవాడయ్యాడు. ఆయన సంస్థ ఆ దెబ్బ నుంచి మళ్లీ లేవలేదు. 1992లో అమ్ముడుపోయింది. ఈ గాథలో కూలిన మొదటి ఇల్లు అది. ఫిల్ కాట్జ్ కోసం దుఃఖించేవాళ్లు ముందు ఆ ఇంటి కోసం దుఃఖించాలి.

కాట్జ్‌కు ఆ జేజేలు మేలు చేశాయని కూడా నేననుకోను. కీబోర్డుల మీద నుంచి వచ్చిన అభిమానం అది. వేలమంది అతని వైపు నిలబడ్డారు, వాళ్లలో అతని గదిలోకి వచ్చి కూర్చున్నవాళ్లు ఎందరు? తండ్రి గొంతు లాంటిది కాదు అది. పక్కన కూర్చుని నువ్వు చేసింది తప్పురా అనగలిగేది కాదు.

కానీ దాని తర్వాత అతను చేసిన పని గొప్పది. ఆర్క్‌ను వదిలేసి, మొదటి నుంచి తన సొంత పద్ధతిని తయారుచేశాడు. మిల్వాకీ ప్రాంతంలో ఎగ్జెక్-పీసీ అనే పెద్ద బులెటిన్ బోర్డు నడిపే మిత్రుడు రాబర్ట్ మహోనీ దానికి జిప్ అని పేరు సూచించాడు. చకచకా అయిపోతుందని అర్థం. 1989 ఫిబ్రవరిలో పీకేజిప్ బయటికొచ్చింది. దాంతోపాటు, జిప్ ఫైలు లోపల ఏ బైటు ఎక్కడ ఉంటుందో వివరించే పత్రాన్ని కూడా కాట్జ్ బయటపెట్టాడు. ఈ ఫార్మాట్ మీద నాకే హక్కూ అక్కర్లేదు, ఎవరైనా దీన్ని చదివి తమ ప్రోగ్రాము రాసుకోవచ్చు అన్నాడు. కోర్టు మెట్లెక్కి డబ్బు కట్టి వచ్చిన మనిషి ఆ మాట అనడంలో పశ్చాత్తాపం ఎంత, హెండర్సన్ మీద పంతం ఎంత అన్నది ఎవరూ విడదీయలేరు. ఏదైనా గానీ, అది ఇచ్చిన మాట. వెనక్కి తీసుకోలేదు.

1993లో వచ్చిన పీకేజిప్ రెండో తరంలో అతని ప్రతిభ శిఖరానికి చేరింది. అందులో వాడిన పద్ధతి పేరు డిఫ్లేట్. అది రెండు పాత ఆలోచనల కలయిక. ఒకటి 1977లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు అబ్రహం లెంపెల్, యాకోబ్ జివ్ ప్రతిపాదించినది. మన భూమి దస్తావేజుల్లో అమ్మకందారు పేరు, తండ్రి పేరు, ఊరు ఒక్కసారి పూర్తిగా రాసి, ఆ తర్వాత పేజీల పొడవునా సదరు వ్యక్తి, సదరు భూమి అని సరిపెడతారు గదా, అలాగే ఒకసారి వచ్చిన మాటల వరుస మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయకుండా, వెనక్కి ఇంత దూరంలో ఇంత పొడవున ఉన్నదే ఇది అని చూపిస్తుంది. రెండోది 1952లో డేవిడ్ హఫ్‌మన్ ప్రచురించినది. తరచుగా వచ్చే గుర్తుకు పొట్టి సంకేతం, అరుదుగా వచ్చేదానికి పొడుగు సంకేతం. ఈ రెంటినీ ఎంత పొందికగా, ఎంత వేగంగా జత చేయాలన్నది కాట్జ్ తేల్చాడు. జాన్-లూ గయీ, మార్క్ ఆడ్లర్ అనే ఇద్దరు దాన్ని ఆధారం చేసుకుని జీజిప్, జీలిబ్ అనే ఉచిత పనిముట్లు రాశారు. పీఎన్‌జీ బొమ్మల్లోకి అది చేరింది. వెబ్ పేజీలు కుదింపుతో ప్రయాణించడం మొదలుపెట్టాయి. ఫ్రాన్సులో ఒకరు, అమెరికాలో ఒకరు, అతని గదిలోకి ఎన్నడూ అడుగుపెట్టనివాళ్లు అతని పనిని చేతుల్లోకి తీసుకుని ముందుకు మోశారు.

గది లోపల పరిస్థితి వేరు. వంటింటి బల్ల పోయింది, ఆఫీసు వచ్చింది, జీతాలందుకునేవాళ్లు వచ్చారు. కంపెనీ అంటే కోడ్ ఒక్కటే కాదు, మనుషులు కూడా. మనుషుల సంగతి కాట్జ్‌కు చేతకాలేదు. మొహమాటస్తుడు, బిడియస్తుడు అని అతన్ని ఎరిగినవాళ్లు చెప్పుకున్నారు. విండోస్ వచ్చినా అతని మనసు డాస్‌ను వీడలేదు. నల్ల తెర మీద ఆదేశం టైపు చేస్తే పని వెంటనే జరగాలి, అడ్డంగా బొమ్మలెందుకు? అతనిలాంటి చేతికి ఆ వాదన న్యాయమే. జనం మాత్రం మౌస్ పట్టుకున్నారు. నికో మాక్ అనే ప్రోగ్రామరు విన్‌జిప్ తెచ్చాడు. మొదట్లో అది పీకేజిప్ మీదే ఆధారపడి, దానికి ఒక ముఖం మాత్రమే తొడిగేది. 1993 నాటికి, కాట్జ్ అందరికీ ఇచ్చేసిన ఫార్మాట్‌ను చదివి ఇతరులు రాసిన ఉచిత కోడ్‌ను చేర్చుకుని, పీకేజిప్ అవసరమే లేకుండా చేసుకుంది. ఆ తర్వాత మన హైదరాబాదులో అమీర్‌పేట క్లాసుల నుంచి వచ్చిన పిల్లలు ఫ్లాపీలు మోసుకు తిరిగిన రోజుల్లోనూ జిప్ అంటే విన్‌జిప్ అనే లెక్క. అక్కడ ఫిల్ కాట్జ్ పేరు ఎవరికీ తెలియదు.

తల్లికీ అతనికీ మధ్య దూరం పెరిగింది. ఆమె కంపెనీ నుంచి తప్పుకుంది. రెండో గొంతూ ఆగింది. ఆ చీలిక లోపలి సంగతులు వాళ్లిద్దరివి, వాటిని నేను కెలకను. చెప్పగలిగింది ఒక్కటే. తండ్రి పోయిన తర్వాత ఆ కుర్రాడి ఇంటికీ పనికీ ఉన్న ఒకే ఒక్క ముడి ఆ తల్లి, అది ఊడిపోయింది.

మందు ఎప్పుడు మొదలైందో గానీ, తొంభైల మధ్యకొచ్చేసరికి అది అతని జీవితాన్ని ఆక్రమించింది. తాగి బండి నడిపినందుకు పలుమార్లు అరెస్టయ్యాడు. ఆఫీసుకు రావడం తగ్గింది. సొంత ఇల్లుండగా చవక మోటెళ్లలో మకాం పెట్టేవాడు. డబ్బుకు కొరత లేదు. ప్రపంచమంతటా కంప్యూటర్లు అతని పనిని వాడుతున్నాయి. ఒక మనిషి మునిగిపోతుంటే ఈ రెండూ ఎంత పనికిరానివో ఇంత క్రూరంగా చూపించిన జీవితం సాఫ్ట్‌వేర్ చరిత్రలో మరొకటి నాకు తెలియదు. మామూలు ఉద్యోగి నాలుగు రోజులు రాకపోతే మేనేజరు ఫోన్ చేస్తాడు, తిడతాడు, జీతం ఆపుతాడు, ఆ తిట్టులోనైనా ఒక ఆరా ఉంటుంది. యజమాని రాకపోతే అడిగేదెవరు? తనకు తానే యజమాని కావడానికే గదా మనలో చాలామంది రాత్రుళ్లు మేలుకుంటున్నది.

2000 ఏప్రిల్ 14న మిల్వాకీలోని ఒక మోటెల్ గదిలో ఫిల్ కాట్జ్ శవమై కనిపించాడు. ఏళ్ల తరబడి తాగుడు లోపలి అవయవాలను తినేసిందని వైద్యులు తేల్చారు. గదిలో ఏమేం దొరికాయో అప్పటి పత్రికలు రాశాయి. ఆ జాబితా నేను మళ్లీ రాయను. కుదింపు పద్ధతుల్లో ప్రపంచానికి దారి చూపిన మనిషిని చివరికి ఆ జాబితాతో గుర్తుంచుకోవడం అన్యాయం.

ఆ వార్త విని, అతన్ని ఎన్నడూ చూడనివాళ్లు దేశదేశాల నుంచి సంతాపాలు రాశారు. ఏళ్లపాటు పేరు మాత్రమే తెలిసిన మనిషి అలా బతికాడని వాళ్లకు తెలియదు. తెలిసే దారే లేదు. అతని ఫైళ్లు వాళ్ల ఇంటికి వెళ్లాయి గానీ అతని ఊసు వెళ్లలేదు.

పేరు మాత్రం అన్నిచోట్లా ఉంది. జిప్ ఫైలును బైటు బైటుగా చూపించే సాధనంతో తెరిస్తే మొదట కనిపించే రెండు ఇంగ్లిషు అక్షరాలు పి, కె. ఫిల్ కాట్జ్. వర్డ్, ఎక్సెల్ పత్రాలు 2007 నుంచి జిప్ మూటలే. ఈ-పుస్తకాల ఈపబ్ ఫైలు జిప్ మూట. ఆండ్రాయిడ్ ఫోనులో మనం ఎక్కించే ప్రతి ఏపీకే ఫైలూ జిప్ మూటే. ఏఐ మోడళ్లను తయారుచేసే పైటార్చ్ అనే సాధనం, 2020లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి, శిక్షణ పొందిన మోడళ్లను దాచిపెట్టే పద్ధతి కూడా అదే. రాత్రి అందరూ పడుకున్నాక ఒక కుర్రాడు తన చిన్న వ్యాపారం కోసం తెలుగు మాటను గుర్తుపట్టే మోడల్‌కు శిక్షణ ఇచ్చి, తెల్లవారుజామున సేవ్ చేస్తాడనుకోండి. ఆ ఫైలు మొదట్లో కూడా అవే రెండక్షరాలు పడతాయి. వాడికి తోడుగా తెర మీద ఏఐ ఉంటుంది, ఓపిగ్గా జవాబులిస్తుంది, ఎన్నిసార్లడిగినా విసుక్కోదు. వాడి కళ్లు ఎర్రబడ్డాయనీ, మూడు వారాలుగా ఎవరితోనూ కలిసి భోంచేయలేదనీ అది చూడలేదు. చూడగలిగేవాళ్లు పక్క గదిలో ఉన్నారు. తలుపు తట్టండి. పని పాడవుతుందని వాడు విసుక్కుంటాడు, అయినా తట్టండి.

కాట్జ్ పోయిన మరుసటి ఏడాది కంపెనీ చేతులు మారింది. మిల్వాకీలోనే ఉంది, ఇప్పుడు ప్రధానంగా డేటా భద్రత వ్యాపారం చేస్తోంది. 1989లో అతను బయటపెట్టిన ఆ ఫార్మాట్ పత్రాన్ని కొత్త చేర్పులతో వాళ్లు నేటికీ ప్రచురిస్తున్నారు. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.